నలభై మూడు గొర్రెలు

నేను పనిచేసిన పశువుల ఆసుపత్రి పేరు చెప్పను. పింఛను తీసుకుంటున్నవాణ్ణి, నోరు జారితే అది కాస్తా ఆగిపోతుందని మా ఆవిడ భయం. గుణదల కొండ దగ్గర్నుంచి సైకిలు మీద ఇరవై నిమిషాల దూరం అని మాత్రం చెప్పగలను. రెండు గదులు, ఒక వరండా, వెనకవైపు గడువు దాటిన మందులు పూడ్చే గొయ్యి. డాక్టరు మణికుమార్ గారు బుధవారం, శనివారం వచ్చేవారు. మిగతా రోజుల్లో డాక్టరైనా, కాంపౌండరైనా, ఊడ్చేవాడైనా ఈ ఇశ్రాయేలే.

వరండా గోడ మీద ఎర్ర రంగుతో ఒక నినాదం ఉండేది. ‘వైద్యం చేయించలేనివారు జంతువులను పెంచరాదు.’ పైనుంచి పంపే నినాదాలన్నీ పాల గురించి, పచ్చిగడ్డి గురించి ఉండేవి. ఇది మాత్రం నా సొంత బుర్రలో పుట్టింది, రంగు కూడా నేనే కొన్నాను. ఎందుకంటే ఆవులకీ గేదెలకీ గొర్రెలకీ మా దగ్గర మందు ఉచితం. కుక్కలకీ పిల్లులకీ చీటీ రాసిస్తాం, బయట కొనుక్కోవాలి. ఆ చీటీ చేతిలో పెట్టగానే మనుషుల మొహాలు మారిపోయేవి. రెండుసార్లు మడిచి, జాకెట్లోనో జేబులోనో పెట్టుకుని, కుక్కని ఎత్తుకుని వెళ్లిపోయేవాళ్లు. మళ్లీ వచ్చేవాళ్లు కాదు. వాళ్లని చూస్తే నాకు జాలికన్నా కోపమే ఎక్కువ వచ్చేది. పెట్టగలిగితే పెంచుకో, లేకపోతే మానుకో, నిన్నెవరు బతిమాలారు అనుకునేవాణ్ణి.

ఇక గొర్రెల సంగతి. ఏటా అక్టోబరులో మా ఆసుపత్రికి మందుల పెట్టెలు వచ్చేవి. వాటిలో గొర్రెల గజ్జికి వేసే ఇంజెక్షను సీసాలు ముప్ఫై ఆరు ఉండేవి. మా పరిధిలో ఒక్క గొర్రె లేదు. మాంసం కొట్లలో వేలాడేవి ఉండేవి గానీ, వాటికి గజ్జి ఉన్నా మేం చేసేదేమీ లేదు. మార్చి ఆఖరుకి సీసాల గడువు దాటేది. గొయ్యి తవ్వి పూడ్చేవాణ్ణి. ఏప్రిల్లో ‘మందు ఎందుకు వాడలేదు’ అని మెమో వచ్చేది. ‘గొర్రెలు లేవు’ అని జవాబు రాసేవాణ్ణి. అక్టోబరులో మళ్లీ ముప్ఫై ఆరు సీసాలు దిగేవి. ఎనిమిదేళ్లు ఇదే తంతు. తొంభై ఎనిమిది ఏప్రిల్లో వచ్చిన మెమోలో మాత్రం ఒక వాక్యం కొత్తగా చేరింది. ఇకమీదట మందు వృథా అయితే నా ఇంక్రిమెంటు ఆపేస్తారట.

తొంభై తొమ్మిది జనవరిలో ఒక శనివారం తెరేసమ్మ వచ్చింది. గుణదల కొండ కింద కొవ్వొత్తులూ కొబ్బరికాయలూ అమ్ముకునే మనిషి, అరవై ఏళ్లుంటాయి. కాలవ గట్టు మీద పాకలో ఒక్కతే ఉండేది. చంకలో పాత తువ్వాలు మూట ఉంది. విప్పితే లోపల గులాబీ రంగులో ఏదో వణుకుతోంది.

“పందిపిల్లల్ని బుధవారం తీసుకురావాలి,” అన్నాను.

“కుక్కండీ,” అంది తెరేసమ్మ. “పామేరియను.”

తోక చివర గుప్పెడు తప్ప దాని ఒంటి మీద బొచ్చన్నది లేదు. మిగతాదంతా పుండ్లూ పొలుసులూ. దాని పేరు పింకీ అట. తెల్లగా ఉన్న రోజుల్లో ఆ పేరు ఎందుకు పెట్టారో గానీ ఇప్పుడు అతికినట్టు సరిపోయింది. తెరేసమ్మ అంతకుముందు ఒక కాంట్రాక్టరు గారింట్లో అంట్లు తోమేది. వాళ్లు ఫ్లాటు కొనుక్కుని వెళ్లిపోతూ, అక్కడ కుక్కల్ని ఉంచనివ్వరని పింకీని తెరేసమ్మ చేతిలో పెట్టారు. దాని బెల్టూ, దాని స్టీలు పళ్లెమూ, దాని గజ్జీ కూడా ఇచ్చారు.

డాక్టరు గారు చూసి పెదవి విరిచారు. “పురుగు చర్మం లోపలికంటా పోయింది. వారానికొకటి చొప్పున ఎనిమిది ఇంజెక్షన్లు పడాలమ్మా. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. ఇప్పుడున్న స్థితిలో మొదటికొస్తే బతకదు,” అని చీటీ రాసిచ్చారు. ఎనిమిది ఇంజెక్షన్లంటే తెరేసమ్మ నెల సంపాదన.

ఆమె చీటీ పట్టుకుని వరండాలో నిలబడి, “గోడ మీద ఏం రాశారు కాంపౌండరు గారూ?” అని అడిగింది. చదువు రాదు. నేను చదివి వినిపించాను, కొంచెం గట్టిగానే.

“మంచిదే రాశారు,” అంది గోడ వంక చూస్తూ. “ఇది మా కాంట్రాక్టరు గారు చూడాల్సిందండీ. ఆయనకి చదువు కూడా వచ్చు.”

నాకు ఒళ్లు మండింది. “ఆయన సంగతి సరే, నువ్వెందుకు తెచ్చుకున్నావు? రోడ్డు మీద వదిలేస్తే దాని బతుకేదో అది బతికేది.”

“దానికి రోడ్డు దాటడమే రాదండీ,” అంది.

పుండ్లు తుడవడానికి దూది తెద్దామని లోపలికి వెళ్లాను. అలమరా తెరిస్తే ముప్ఫై ఆరు సీసాలూ వరసగా నా వంకే చూస్తున్నాయి. డాక్టరు గారు చీటీలో రాసిన మందే అది. సీసా మీద గొర్రె బొమ్మ ఉంది, అంతే తేడా. నేను జాలిపడ్డాననుకుంటారేమో. కాదు. ఏప్రిల్లో రాబోయే మెమో గుర్తొచ్చింది, ఇంక్రిమెంటు గుర్తొచ్చింది.

రిజిస్టరు తీసి రాశాను. యజమాని, తెరేసమ్మ. జాతి, గొర్రె. ఆడది. రంగు దగ్గర కాసేపు ఆగాను. గులాబీ రంగు గొర్రె అని రాస్తే ఆడిట్‌లో పట్టుకుంటారు, అందుకని తెలుపు అని రాసి సంతకానికి డాక్టరు గారి ముందు పెట్టాను. ఆయన చదివారు. వరండాలోకి చూశారు. మళ్లీ చదివారు.

“ఈవిడకి గొర్రె కూడా ఉందా?”

“ఉందండి.”

“దానికీ గజ్జేనా?”

“అవునండి. చిన్న గొర్రండి, నాలుగు కేజీలు కూడా ఉండదు.”

“నాలుగు కేజీలంటే పావు మిల్లీ కూడా పట్టదు. మోతాదు ఎక్కువ కాకూడదు, చూసుకో,” అని సంతకం పెట్టేసి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లారు. అలా పింకీ మా ఆసుపత్రి చరిత్రలో మొదటి గొర్రె అయింది.

రెండో శనివారానికి కాలవ గట్టు మొత్తానికి తెలిసిపోయింది. ఏం చెప్పాలో తెరేసమ్మ అందరికీ నేర్పింది. చేపల మార్కెట్లో మోత పని చేసే కొండలయ్య తన నల్ల కుక్కని తాడు కట్టి తెచ్చి, “మా గొర్రెకి ఒళ్లంతా దురదండీ, కొంచెం దూరంగా ఉండండి, కరుస్తది,” అన్నాడు. చేపలమ్మే నాంచారమ్మ గంపలో మూడు పిల్లుల్ని తెచ్చింది. అవి మూడు గొర్రెపిల్లలయ్యాయి. ఒకాయన పందెం కోడిపుంజుని తెచ్చాడు. దాన్ని మాత్రం గొర్రెగా రాయలేనని ఖరాఖండీగా చెప్పేశాను. ఎంత చెడ్డా నేను ప్రభుత్వోద్యోగిని.

వన్ టౌన్ నుంచి అల్లాబక్ష్ గారు కూడా వచ్చారు. పరుపులు కుట్టే మనిషి. గడ్డంలో, కనురెప్పల మీద ఎప్పుడూ దూది నలుసులు ఉండేవి. ఆయన పిల్లి పేరు నవాబు. మొహమంతా గజ్జి పట్టి కళ్లు మూసుకుపోయాయి. దూది బుట్టలో పడుకోబెట్టి తెచ్చారు.

“గొర్రె అని చెప్పమన్నారు,” అన్నారాయన ఇబ్బందిగా. “అబద్ధం ఎందుకండీ? పిల్లి అనే రాయండి.”

“పిల్లి అని రాస్తే మందు రాదండీ.”

ఆయన బుట్ట బల్ల మీద పెట్టారు. “నా నోటితో నేను చెప్పను. మీ పుస్తకంలో మీరేం రాసుకుంటారో నేను చూడను,” అని గోడవైపు తిరిగి నిలబడ్డారు. నేను గొర్రె అని రాసేదాకా అలాగే నిలబడి, సూది పడ్డాక ఇటు తిరిగి, నవాబుని బుట్టలో సర్దుకుని సలాం చెప్పి వెళ్లారు.

ఫిబ్రవరి మొదటికి నలభై మూడు గొర్రెలయ్యాయి. ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆ సీసాలు ఖాళీ అవుతున్నాయి. శనివారం వస్తోందంటే నాకు హుషారుగా ఉండేది, ఆ మాట దాచడమెందుకు? పింకీ వీపు మీద తెల్లటి నూగు మొలిచింది. అది నన్ను చూస్తే తోక ఊపేది. సూది పొడిచేవాణ్ణి చూసి తోక ఊపిన జంతువు నా సర్వీసులో ఇంకొకటి లేదు. బొచ్చు పూర్తిగా వస్తే ఆ బొచ్చు గుణదల మాతకి ఇస్తానని తెరేసమ్మ మొక్కుకుంది.

“తలనీలాలు మొక్కుకున్నదానివి నీవి ఇవ్వాలి గానీ కుక్కవేంటి?” అన్నాను.

“జబ్బు దానిది, బొచ్చు దానిది. నావిస్తే మోసం కాదూ?” అంది. పండగ రోజుల్లో ఒక మంగలిని ముందుగా మాట్లాడుకోబోతే అతను కత్తి పట్టుకుని లేచాడట.

ఈ సంతోషంలో నేను ఒక సంగతి మర్చిపోయాను. నెలాఖరు రిపోర్టు. ప్రతి నెలా జిల్లా ఆఫీసుకి పంపే కాగితంలో గొర్రెలు అనే గడి ఉంటుంది. ఎనిమిదేళ్లుగా అందులో సున్నా పెట్టడం అలవాటైన చేత్తో, ఈసారి రిజిస్టరు చూసి, ఉన్న సంఖ్య ఉన్నట్టు ఎక్కించి పంపేశాను. జిల్లా ఆఫీసులో జేడీ గారు, అంటే మా శాఖకి జిల్లాలో పెద్దాయన, అది చూసి పొంగిపోయారు. పట్టణం నడిబొడ్డున గొర్రెల పెంపకం! ఆయన దాన్ని తన ఘనత కింద హైదరాబాదుకి రాసేశారు. వాళ్లు మెచ్చుకుంటూ జవాబు రాశారు. ఆ గొర్రెల్ని స్వయంగా చూడాలని ఒక శనివారం ఉదయం ఆయన జీపు వేసుకుని దిగారు. డాక్టరు గారు ఆ రోజే సెలవు పెట్టారు. ఆయనకి ముందే కబురందిందని నా అనుమానం.

జేడీ గారు జీపు దిగి ముందు గోడ మీద నినాదం చదివారు. “ఎవరు రాశారయ్యా ఇది? చాలా బాగుంది,” అన్నారు. తరవాత వరండా అంతా చూశారు. పదిహేను కుక్కలు, తొమ్మిది పిల్లులు.

“గొర్రెలేవి?”

“మేతకెళ్లాయండి,” అన్నాను.

“అన్నీనా?”

“అన్నీ కలిసే వెళ్తాయండి.”

సరిగ్గా అప్పుడే తెరేసమ్మ వచ్చింది. ఖాకీ బట్టల డ్రైవరునీ జీపునీ చూసి, ఎవరో పెద్దవాళ్లని కనిపెట్టి, నన్ను కాపాడదామనే అనుకుంది పాపం. నేరుగా జేడీ గారి ముందుకెళ్లి దణ్ణం పెట్టింది. “మా గొర్రెకి ఆరో ఇంజెక్షనండీ. ఈ కాంపౌండరు గారి చలవ వల్ల బతికిందండీ,” అంది. చంకలోని గొర్రె జేడీ గారి డ్రైవరుని చూసి భౌ భౌమని మొరిగింది.

జేడీ గారు తెలివైన మనిషి. నలభై మూడు గొర్రెలూ ఏమిటో ఆ ఒక్క మొరుగుతో అర్థం చేసుకున్నారు. మొహం ఎర్రబడింది. నన్ను తిట్టాల్సింది తెరేసమ్మ మీదికి వెళ్లారు.

“ఏమమ్మా, నీకు బుద్ధుందా? అక్కడ అంతంత అక్షరాల్లో రాసుంది. వైద్యం చేయించే తాహతు లేనిదానివి కుక్కని ఎందుకు పెంచుతున్నావు? దాన్ని హింసపెట్టడం కాదూ అది?”

తెరేసమ్మ భయపడలేదు. ఆలోచించి జవాబు చెప్పింది.

“అట్టాగైతే మా అమ్మ నన్ను పెంచకూడదు బాబుగారూ. నాకు పదేళ్లప్పుడు అమ్మోరు పోసింది. డాక్టరు దగ్గరికి తీసకెళ్లే దారి మాకు లేదు. మా అమ్మ పక్కన కూచుని వేపమండతో విసిరింది. ఇరవై రోజులు విసిరింది. ఆమె చేతనైంది అదే. తాహతు లేదు గదా అని నన్ను కాలవలో వెయ్యలేదండి.”

జేడీ గారు రుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. ఎండ ఎక్కువగానే ఉంది లెండి. నన్ను లోపలికి రమ్మని తలుపేసుకున్నారు.

“ఎన్ని?”

“నలభై మూడండి.”

“ఎప్పుడు చచ్చాయి?”

“చావలేదండి. బయటే ఉన్నాయి కదండీ.”

“ఎప్పుడు చచ్చాయని అడుగుతున్నాను.”

అప్పుడు అర్థమైంది. ఆయన హైదరాబాదుకి రాసేశారు. గొర్రెలు లేవంటే ఆయన ఉద్యోగానికే ఎసరు. ఉన్నాయంటే వచ్చే నెల పైనుంచి చూడ్డానికి వస్తారు. చచ్చిపోతే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

“ఏదైనా రోగం రావాలండి మరి,” అన్నాను.

“నీలి నాలుక అని రాయి.”

“అది వానాకాలంలో వస్తుందండి.”

“ఈసారి ఇప్పుడొచ్చింది. పది రోజుల్లో అన్నీ పోయాయి. నేను భోంచేసి వచ్చేసరికి రాసి ఉంచు. మిగిలిన సీసాలకి సీలు వెయ్యి. గొర్రెలే లేనప్పుడు మందెందుకు? మళ్లీ ఒక్క కుక్కకి సూది పడిందని తెలిసిందంటే ఇంటికి పంపించేస్తాను. పింఛను కూడా ఉండదు.”

నాకు సర్వీసు ఇంకా ఆరేళ్లుంది. కూచుని రాశాను. కొండలయ్య గొర్రె, పదిహేనో తారీఖు. నాంచారమ్మ గొర్రెపిల్లలు మూడు, పదహారు. అల్లాబక్ష్ గారి గొర్రె, పదిహేడు. అవి రాబోయే తారీఖులన్న సంగతి కూడా ఎవరికీ పట్టలేదు. ఇరవై నాలుగో తారీఖుకల్లా అన్నీ చచ్చిపోవాలి. గంటన్నరలో నలభై రెండింటిని చంపేసి, మొట్టమొదటి వరసకి తిరిగొచ్చాను. తెరేసమ్మ, గొర్రె, ఆడది, తెలుపు.

ఒకటి మిగిల్చితే పొరపాటు అనుకుంటారు, రెండు మిగిల్చితే మోసం అంటారు. నా లెక్క అది. ఒక్క గొర్రె బతికున్నా ఒక సీసా బయట ఉంచొచ్చు. నవాబుకి రెండు సూదులే పడ్డాయి, ఇంకా ఆరు పడాలి. కొండలయ్య కుక్కకి నాలుగు మిగిలాయి. పింకీకి మూడు. ఎవరికి ఎక్కువ అవసరమో ఆలోచించి తేల్చానని చెబితే అబద్ధం. పింకీ వరండాలో మొరుగుతోంది. నవాబు ఆ వేళ వన్ టౌన్‌లో దూది బుట్టలో ఉంది, దాని గొంతు నాకు వినబడలేదు. పింకీ పక్కన గడిని ఖాళీగా వదిలేశాను. జేడీ గారు భోజనం చేసి వచ్చి, చదవకుండానే కింద సంతకం పెట్టి జీపెక్కారు.

పింకీకి ఆ సాయంత్రమే ఆరో సూది వేశాను. తరవాతి రెండూ తెరేసమ్మ పాకకి వెళ్లి వేసి వచ్చాను. మిగతా సీసాలన్నిటికీ లక్క సీలు పడింది.

తరవాతి శనివారం అందరూ ఎప్పటిలాగే వచ్చారు. మందు అయిపోయిందని చెప్పాను.

“అలమరాలో కనబడతన్నాయి కదండీ,” అన్నాడు కొండలయ్య.

“అవి గొర్రెలకి.”

“మాదీ గొర్రే కదండీ.”

“మీ గొర్రె చచ్చిపోయింది,” అన్నాను. వేరే ఏం చెప్పాలో తెలియలేదు.

కొండలయ్య తన కుక్కని చూశాడు. అది అతని కాలు నాకుతోంది. అతను నవ్వేశాడు. అందరూ నవ్వారు, నాంచారమ్మయితే గంప దించి మరీ నవ్వింది. నేనూ నవ్వాను. తరవాత శనివారం ఎవరూ రాలేదు.

మార్చి ముప్ఫై ఒకటిన సీసాలు బయటికి తీశాను. పంతొమ్మిది. గొయ్యి తవ్వి, సీళ్లతో సహా పూడ్చాను. గొయ్యిలో మట్టి వేస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. మెమో రాలేదు. రోగం వచ్చి గొర్రెలు పోయాయి కాబట్టి మందు మిగలడం సబబేనని తేల్చారు. ఇంక్రిమెంటు కూడా పడింది.

వానలు మొదలయ్యాక కాలవ గట్టు వైపు వెళ్లడం మానేశాను. అయినా కబుర్లు తెలుస్తూనే ఉండేవి. కొండలయ్య కుక్క జూన్‌లో పోయింది. నాంచారమ్మ పిల్లుల్లో రెండు పోయాయి. అటూ ఇటూ కలిపి పద్నాలుగు అని తెరేసమ్మ చెప్పింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. పింకీకి తెల్లటి బొచ్చు గుబురుగా వచ్చిందని చెప్పి, చచ్చినవాటి లెక్క కూడా చెప్పి వెళ్లిపోయింది.

జూలైలో అల్లాబక్ష్ గారు వచ్చారు. చేతిలో బుట్ట లేదు. నేను లేచి కుర్చీ వేశాను, ఆయన కూచోలేదు.

“మా నవాబు చనిపోయినట్టు మీ పుస్తకంలో ఫిబ్రవరిలోనే రాశారట కదండీ.”

“రాయాల్సి వచ్చిందండీ,” అన్నాను.

“ఏ తారీఖు వేశారు?”

“పదిహేడు.”

“అది నిన్న పోయింది. జూలై పదకొండు,” అన్నారాయన. “ఆఖర్న నీళ్లు కూడా తాగలేదు. మా ఆవిడ సాలేహా దూదితో తడిపి నోట్లో పిండింది. మీరేదో మోసం చేశారని నేను అనడం లేదు. తారీఖు మార్చి రాయండి. ఐదు నెలలు అది మా ఇంట్లో బతికే ఉంది.”

రిజిస్టరు తీశాను. ఈసారి ఆయన గోడవైపు తిరగలేదు. నేను పదిహేడు కొట్టేసి, పక్కన జూలై పదకొండు రాసేదాకా నా చెయ్యి వంకే చూస్తూ నిలబడ్డారు. ప్రభుత్వ రికార్డు దిద్దడం తప్పు, నాకు తెలుసు. ఆయన వెళ్లాక నేను టేబులు మీద తల పెట్టుకుని ఏడ్చాను. ముప్ఫై ఏళ్లు పశువుల చావులు చూసినవాణ్ణి, పిల్లి కోసం ఏడుస్తున్నానేమిటని సిగ్గేసింది కూడా.

ఆగస్టులో హైదరాబాదు నుంచి పెద్ద కవరు వచ్చింది. పాత జేడీ గారికి అప్పటికే బదిలీ అయిపోయింది. కాలం కాని కాలంలో వచ్చిన నీలి నాలుక మీద అక్కడెవరో పరిశోధన చేస్తున్నారట. మా రిజిస్టరు నకలు తెప్పించుకుని వరస వరసా చదివారు. ఇన్నేళ్లకి మా రిజిస్టరు చదివిన మహానుభావుడు ఒకడు దొరికాడు. కాగితంలో ఒకే ప్రశ్న ఉంది. ‘నలభై మూడు గొర్రెలలో నలభై రెండు మరణించగా, క్రమసంఖ్య ఒకటి గల గొర్రె బ్రతికియుండుటకు కారణమేమి? వారము లోపల వివరణ పంపవలెను.’

డాక్టరు గారు చదివి తల పట్టుకున్నారు. “దాన్ని కూడా చంపెయ్ ఇశ్రాయేలూ. రాయడం మర్చిపోయామని రాసేద్దాం. లేకపోతే రక్తం కావాలని, గొర్రెని పంపమని అడుగుతారు. ఇద్దరం పోతాం.”

ఆయన చెప్పిందే తెలివైన పని. కలం తీసుకున్నాను. రిజిస్టర్లో మొదటి వరస ఖాళీ గడి నా ముందుంది. ఒక తారీఖు వేస్తే చాలు. కింద పన్నెండో వరసలో కొట్టేసిన పదిహేడు, దాని పక్కన జూలై పదకొండు కనబడుతున్నాయి. రిజిస్టరు మూసేసి తెల్లకాగితం తీసుకుని జవాబు రాశాను. రెండు ముక్కలే అయ్యాయి.

డాక్టరు గారు తీసుకుని చదివారు. ‘అయ్యా, క్రమసంఖ్య ఒకటికి ఎనిమిది ఇంజెక్షన్లూ వేశాము. మిగతావాటికి, మందు ఉండి కూడా, వేయలేదు.’

“ఇంతేనా కారణం?” అన్నారు.

“ఇంతేనండి,” అన్నాను.